మిరియాల ఆకు: 15వ శతాబ్దపు అచ్చు విజ్ఞాన గ్రంథాల విడి ఆకులు సేకరించడం ఎలా

నా బల్ల సొరుగులో ఒక మిరియాల ఆకు ఉంది. తీగది కాదు, పుస్తకానిది. 1483లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆంటన్ కోబెర్గర్ అచ్చు వేసిన లాటిన్ పుస్తకంలోంచి ఎప్పుడో విడిపోయిన ఒకే ఒక్క ఆకు. అందులో ఏముందంటే, మిరియాల అడవులకు పాములు కాపలా కాస్తాయట. కాపు పండాక ఆ దేశం వాళ్లు అడవికి నిప్పు పెట్టి పాముల్ని తరిమేస్తారట. పుట్టుకతో తెల్లగా ఉండే మిరియం ఆ మంటకే నల్లబడి ముడతలు పడుతుందట. పచ్చి మిరియాలు చాప మీద పోసి ఎండబెడితే నల్లబడటం చూసినవాళ్లకు ఇది చదివితే నవ్వొస్తుంది. కానీ ఈ కథను 7వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ బిషప్ ఐసిడోర్ రాశాడు. 13వ శతాబ్దంలో బార్తలోమియస్ అనే ఇంగ్లిష్ సన్యాసి దాన్ని తన పుస్తకంలోకి ఎత్తుకున్నాడు. 15వ శతాబ్దంలో కోబెర్గర్ దాన్నే అచ్చు వేశాడు. ఎనిమిది వందల ఏళ్లలో ఈ వరుసలో ఒక్కరూ మిరియాల తోట మొహం చూసి రాలేదు.

ఇలాంటి ఆకు ఒకటి మీ ఇంట్లోనూ ఉండాలంటే కోటీశ్వరులు కానక్కర్లేదు. పుస్తకం మొత్తం కొనాలంటే మాత్రం లక్షల్లో, ఒక్కోసారి కోట్లలో పని. బొమ్మలు లేకుండా అక్షరాలే ఉన్న విడి ఆకు అయితే మామూలుగా కొన్ని పదుల డాలర్ల నుంచి రెండు మూడు వందల డాలర్ల లోపే దొరుకుతుంది. డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. విడి ఆకు జాతరలో తప్పిపోయిన పిల్లాడి లాంటిది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగితే తెల్లమొహం వేస్తుంది. నాకు అమ్మినాయన రాసిచ్చింది కూడా ఒక్క ముక్కే: "పాత లాటిన్ ఆకు, 1480 ప్రాంతం." మిగతా అడ్రసంతా నేనే వెతుక్కున్నాను. ఈ సేకరణలో అసలు సరదా కూడా అందులోనే ఉందని నా అభిప్రాయం.

ముందు ఏ పుస్తకాలో తెలుసుకోండి

యూరప్‌లో విడి అక్షరాల అచ్చు మొదలైనప్పటి నుంచి 1500 చివరి దాకా వచ్చిన పుస్తకాలను ఇన్‌క్యునాబులా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు పొత్తిళ్లు అని అర్థం. అచ్చు పని ఇంకా పొత్తిళ్లలో ఉన్న రోజులన్నమాట. అలాంటి ముద్రణలు సుమారు 30,000 నమోదయ్యాయి. వాటిలో మనకు కావాల్సినవి, అంటే విజ్ఞాన సర్వస్వాలు, కొన్నే.

మొదటిది ఐసిడోర్ రాసిన "ఎటిమోలజీ". మాటల పుట్టుక చెబుతూ లోకంలో ఉన్నదంతా 20 భాగాల్లో సర్దేశాడు. దీన్ని తొలిసారి 1472లో ఆగ్స్‌బర్గ్‌లో గుంటర్ జైనర్ అచ్చు వేశాడు. అందులో ఒక చిన్న గుండ్రటి పటం ఉంది. పైన ఆసియా, కింద ఒక పక్క యూరప్, ఇంకో పక్క ఆఫ్రికా. యూరప్‌లో అచ్చయిన తొలి ప్రపంచ పటంగా దానికి పేరు. ఆ పటం ఉన్న ఆకు మీద ఆశ పెట్టుకోకండి. మిగతా ఆకులు మాత్రం అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తాయి.

రెండోది విన్సెంట్ ఆఫ్ బోవే రాసిన "స్పెక్యులమ్", అంటే అద్దం. ఈయన 1264లో చనిపోయాడు. ప్రకృతికి ఒక అద్దం, విద్యలకు ఒకటి, చరిత్రకు ఒకటి. ప్రకృతి భాగమొక్కటే 32 పుస్తకాలు. 1470లలో స్ట్రాస్‌బర్గ్‌లో వీటిని పెద్ద పెద్ద సంపుటాలుగా వేశారు, చరిత్ర భాగం వేసింది యోహాన్ మెంటెలిన్. పుస్తకం లావు కాబట్టి ఆకులూ ఎక్కువే.

మూడోది నాకు ఇష్టమైనది, బార్తలోమియస్ "వస్తువుల స్వభావాలు". 1240 ప్రాంతంలో రాశాడు, 19 భాగాలు. దేవుడితో మొదలై దేవదూతలు, ఆత్మ, శరీరం, రోగాలు, ఆకాశం, పక్షులు, చేపలు, దేశాలు, రాళ్లు, మొక్కలు, జంతువుల మీదుగా రంగులు, రుచుల దాకా వస్తుంది. 1500 లోపే పది పైచిలుకు లాటిన్ ముద్రణలు వచ్చాయి. ఫ్రెంచి, డచ్చి, ఇంగ్లిష్ అనువాదాలు వేరే. 1495 ప్రాంతంలో విన్కిన్ డి వోర్డ్ వేసిన ఇంగ్లిష్ ముద్రణకు వాడిన కాగితం ఇంగ్లండులోనే జాన్ టేట్ మిల్లులో తయారైంది. దాని ఆకు ఖరీదు ఎక్కువ. అంత పెట్టలేనివాళ్లు 1582 నాటి లండన్ ముద్రణ చూడండి. దాన్ని సవరించి వేసిన పాదిరీ ఇంటిపేరు బ్యాట్‌మన్. నమ్మండి, టైటిల్ పేజీ మీద కూడా అదే ఉంటుంది.

1491లో మైంజ్‌లో వచ్చిన "హోర్టస్ సానిటాటిస్" కూడా ఈ కోవలోదే. మొక్కలు, జంతువులు, రాళ్ల వైద్య గుణాలు, వెయ్యికి పైగా చెక్క అచ్చు బొమ్మలు. బొమ్మలున్నాయంటే ధర అందుకు తగ్గట్టే ఉంటుంది.

ఒక జాగ్రత్త. వెతకడం మొదలుపెట్టిన అరగంటలోనే 1493 నాటి "న్యూరెంబర్గ్ క్రానికల్" ఆకులు మీ మీద పడతాయి. అది ప్రపంచ చరిత్ర, విజ్ఞాన సర్వస్వం కాదు. మంచి పుస్తకమే. కానీ 645 చెక్క అచ్చులతో 1,809 బొమ్మలు లాగించారు. అంటే ఒక ఊరి బొమ్మే ఇంకో ఊరి పేరుతో మళ్లీ కనిపిస్తుంది. అది తెలిసే కొనండి.

ఈ పుస్తకాల్లో ఒక్క విషయం పట్టుకోవడం మంచిది. పక్షులో, రాళ్లో, వైద్యమో, భారతదేశమో. ఐసిడోర్ 12వ భాగంలో చిలుక మన దేశపు తీరాల్లో పుడుతుందని, ఒళ్లు పచ్చగా, మెడలో ఎర్ర పట్టీ ఉంటుందని రాశాడు. అది మన రామచిలుకే. 16వ భాగంలో వజ్రం భారతదేశపు రాయి అని, దేనికీ లొంగని ఆ రాయి మేకపోతు వేడి నెత్తురులో నానితే మెత్తబడుతుందని రాశాడు. ఆ తర్వాత చాలా కాలానికి మార్కో పోలో వచ్చి మన మోటుపల్లి రాజ్యం వజ్రాల గురించి ఇంకో వింత కథ చెప్పాడు. అక్కడ పాముల లోయ, మాంసం ముక్కలు, గద్దలు. వజ్రమైనా మిరియమైనా, దూరదేశపు సరుక్కి పాముల్ని కాపలా పెట్టకపోతే వాళ్లకు తోచేది కాదు కాబోలు.

కొనే ముందు ఏం అడగాలి

ఈ పని చేసేవాళ్లలో ఒక పాత తగవు ఉంది. కొందరు వ్యాపారులు నిక్షేపంగా ఉన్న పుస్తకాన్ని విప్పి, ఆకు ఆకు అమ్ముకుంటారు. విడివిడిగా అమ్మితే మొత్తం కన్నా ఎక్కువ వస్తుంది. 1921లో న్యూయార్క్ వ్యాపారి గేబ్రియల్ వెల్స్ అసంపూర్ణంగా ఉన్న గూటెన్‌బర్గ్ బైబిల్‌ను విడదీసి ఒక్కో ఆకును తోలు అట్టలో పెట్టి అమ్మాడు. అది అప్పటికే చిరిగిన పుస్తకం కాబట్టి సరే అన్నవాళ్లున్నారు, తప్పన్నవాళ్లూ ఉన్నారు. నా నియమం చెబుతాను. పూర్తి పుస్తకాన్ని ఈ మధ్య విప్పి అమ్ముతున్నారని తెలిస్తే నేను కొనను. ఎప్పుడో ముక్కలైపోయిన పుస్తకం ఆకైతే కొంటాను. కాబట్టి మొదటి ప్రశ్న: "ఈ పుస్తకం ఎప్పుడు విడిపోయింది? మీకు ఎలా వచ్చింది?" జవాబు మెయిల్‌లో తీసుకోండి, ఫోన్‌లో కాదు.

రెండో ప్రశ్న దొంగతనం గురించి. 2005లో ఫోర్బ్స్ స్మైలీ అనే పటాల వ్యాపారి యేల్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో దొరికిపోయింది చదివే గదిలో నేల మీద పడి ఉన్న చిన్న బ్లేడు వల్ల. చివరికి 97 పటాలు ఎత్తుకెళ్లినట్టు ఒప్పుకున్నాడు. లోపలి అంచు బ్లేడుతో కోసినట్టు ఉన్నంత మాత్రాన దొంగ సొత్తని కాదు, పుస్తకం విప్పేవాళ్లూ అలాగే కోస్తారు. కానీ అంచు పక్కన లైబ్రరీ ముద్ర గీకేసిన మచ్చ, రబ్బరుతో చెరిపిన నంబరు, ఒక చోట మాత్రమే పలచబడిన కాగితం కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి తీసిన ఫొటో అడగండి. ఇవ్వడానికి నసిగితే జవాబు వచ్చేసినట్టే.

అంతర్జాతీయ పాత పుస్తకాల వ్యాపారుల సమాఖ్యలో సభ్యులైనవాళ్ల దగ్గర ధర కాస్త ఎక్కువ. కానీ వస్తువు చెప్పినట్టు లేకపోతే వెనక్కి తీసుకుంటారు. వేలం సైట్లలో చౌక, కానీ మీ కళ్లే మీకు దిక్కు. మొదటి ఆకు మాత్రం పేరున్న వ్యాపారి దగ్గరే కొనండి. నేను అలా చెయ్యలేదు. ఒక వేలంలో "1490 నాటి ఆకు" అని కొన్నది తీరా చూస్తే 20వ శతాబ్దపు నకలు. నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను.

ఇక దేశాలు దాటించే సంగతి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ లాంటి యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి ఇన్‌క్యునాబులా బయటకు పంపాలంటే ధర ఎంతైనా సరే, ఎగుమతి లైసెన్సు కావాలని నియమం ఉంది. వంద యూరోల ఆకైనా అంతే. లైసెన్సు తెచ్చేది అమ్మేవాళ్లు. డబ్బు కట్టకముందే వాళ్లనే అడగండి. అమెరికాలోని వ్యాపారుల దగ్గర ఈ బాధ లేదు. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఈ సరదా తేలిక.

ఇండియాకు తెప్పించుకుంటే పార్సిల్ మీద ఉన్నది ఉన్నట్టు రాయించండి: 15వ శతాబ్దపు అచ్చు ఆకు, వందేళ్లు దాటిన పాత వస్తువు, కొన్న ధర ఇంత. "గిఫ్ట్" అని రాయించడం మనవాళ్లకు అలవాటు, ఆ పని చెయ్యకండి. ఇంకో చిక్కు, ఇక్కడికి వచ్చాక మళ్లీ బయటకు పంపడం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు. రేపు మీ అమ్మాయి అమెరికా వెళ్తూ తీసుకెళ్తానంటే ఇది బయట కొన్నదని మీరు చూపించగలగాలి. బిల్లు, కస్టమ్స్ రసీదు, కొరియర్ చీటీ ఒకే కవర్లో పెట్టి ఉంచండి. ఆకును గొట్టంలో చుట్టి పంపొద్దని, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపమని కూడా ముందే చెప్పండి.

చేతికొచ్చాక అసలుదో కాదో చూడడం

చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని పట్టుకుంటే చాలు. సినిమాల్లోలాగా తెల్ల గ్లవ్స్ అక్కర్లేదు. గ్లవ్స్ తొడిగితే వేళ్లకు స్పర్శ తెలియక అంచు చిరుగుతుంది.

ముందు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టండి. నోటు మీద వాటర్‌మార్క్ చూసినట్టే. ఆ కాలపు కాగితం పాత నార గుడ్డల గుజ్జుతో చేసింది. ఆ గుజ్జును తీగల జల్లెడతో తీసేవాళ్లు కాబట్టి దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా రెండేసి వేళ్ల వెడల్పు దూరంలో గొలుసు గీతలు కనిపిస్తాయి. పెద్ద సైజు పుస్తకంలో, అంటే కాగితాన్ని ఒక్కసారే మడిచినదైతే, గొలుసు గీతలు నిలువుగా ఉంటాయి. వాటర్‌మార్క్ ఉంటే ఆకు మధ్యలో ఎక్కడో ఉంటుంది. రెండు సార్లు మడిచిన చిన్న సైజులో గీతలు అడ్డంగా పడుకుంటాయి, గుర్తు కుట్టు దగ్గరికి పోతుంది. ఆ కాలపు జర్మన్ పుస్తకాల కాగితంలో ఎద్దు తల గుర్తు తరచూ కనిపిస్తుంది. మీ ఆకులో గుర్తే లేకపోతే కంగారు పడకండి. మడిచిన కాగితంలో గుర్తు ఒక సగానికే పడుతుంది, రెండో సగానికి ఉండదు.

తర్వాత ఆకును తిరగేసి, టార్చిలైటు పక్క నుంచి వేయండి. సీసం అక్షరాలు తడి కాగితం మీద గట్టిగా నొక్కుకున్న గుంటలు వెనక వైపు బుడిపెల్లా తేలతాయి. వేలితో మెల్లగా రాస్తే తెలుస్తుంది. ఆఫ్‌సెట్ నకలుకు ఇది రాదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో అక్షరం అంచు చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది మన కాలపు ముద్రణ. నేను మోసపోయిన ఆకు బండారం బయటపడింది ఆ చుక్కల దగ్గరే. చౌకగా దొరికే యూవీ టార్చి కూడా పనికొస్తుంది. చీకట్లో కాగితం తెల్లగా, నీలంగా మెరిసిపోతే అందులో ఆధునిక తెల్లబరిచే రసాయనం ఉన్నట్టు. పాత నార కాగితం అలా మెరవదు.

రంగు బొమ్మ ఉన్న ఆకు అయితే వెనక వైపు చూడండి. పాత ఆకుపచ్చ రాగితో చేసింది. కాలం గడిచేకొద్దీ అది కాగితాన్ని తినేస్తుంది, వెనక గోధుమ రంగు మరక దిగుతుంది. ముందు వైపు పచ్చిక ధగధగలాడుతూ, వెనక వైపు శుభ్రంగా ఉంటే ఆ రంగు ధర పెంచడానికి ఈ మధ్య ఎవరో వేసిందేమో అనుకోవాలి.

ఇక అన్నిటికన్నా నాకు ఇష్టమైన పరీక్ష, పెద్దక్షరం. ఆ రోజుల్లో అధ్యాయం మొదట్లో పెద్దక్షరం అచ్చు వేయకుండా ఖాళీ వదిలేవాళ్లు. కొన్నవాడు రంగులవాడి చేత ఎర్ర సిరాతోనో, నీలి సిరాతోనో రాయించుకునేవాడు. రంగులవాడు తప్పు రాయకుండా ఆ ఖాళీలో ఒక చిన్న అక్షరం గుర్తుగా పెట్టేవాళ్లు. నా మిరియాల ఆకులో ఎర్రటి పెద్ద "పి" కింద భూతద్దంతో చూస్తే ఆ చిట్టి "పి" ఇంకా కనిపిస్తుంది. ఎరుపు దాని మీదుగా పూర్తిగా వెళ్లలేదు, ఒక కాలు బయటే ఉంది. ఎర్ర గీత చివర సిరా గడ్డకట్టి కొంచెం ఉబ్బింది కూడా. పనివాడు అక్కడ కలం ఆపి, మళ్లీ ముంచుకుని ఉంటాడు.

అడ్రసు కనుక్కోవడం

ఆకు పైన అంచులో "లిబర్" అని, పక్కన రోమన్ అంకె కనిపిస్తే సగం పని అయినట్టే. అది ఎన్నో భాగమో చెబుతుంది. లేకపోతే లోపలి వాచకం చదవాలి. లాటిన్ రాదని భయపడకండి, అర్థం కావాల్సిన పని లేదు, అక్షరాలు పోల్చుకుంటే చాలు. ముందు ఇబ్బంది పెట్టేది కుదింపులు. కాగితం ఖరీదు, చోటు తక్కువ కాబట్టి సగం మాటల్ని కుదించి అచ్చు వేసేవాళ్లు. అక్షరం మీద అడ్డగీత ఉంటే దాని తర్వాత "న్" గానీ "మ్" గానీ ఉందని అర్థం. "వంద"లో "న్"కీ "పంపు"లో "మ్"కీ మనం ఒకే సున్న వాడినట్టే. పి అక్షరం కాలికి అడ్డగీత ఉంటే "పెర్". మాట మధ్యలో ఎఫ్‌లా కనిపించే పొడుగు అక్షరం చాలాసార్లు ఎస్. ఈ మూడు తెలిస్తే ఒక వరుసలో నాలుగైదు మాటలు పట్టుకోగలరు.

అలా పట్టుకున్న మూడు నాలుగు మాటల్ని వరుసగా నెట్‌లో వెతకండి. ఐసిడోర్ లాటిన్ పాఠం మొత్తం ఉచితంగా దొరుకుతుంది. బార్తలోమియస్, విన్సెంట్ ఇద్దరూ ఎవరి మాట ఎవరిదో పేరు చెప్పి మరీ రాస్తారు కాబట్టి, ఐసిడోర్ పేరు కనిపించినంత మాత్రాన అది ఐసిడోర్ పుస్తకం అనుకోకండి. నేను ఒక వారం పాటు అలాగే పొరబడ్డాను. నా ఆకులో "ఇసిడోరస్" అని స్పష్టంగా ఉంది మరి. తీరా చూస్తే అది బార్తలోమియస్ 17వ భాగం. మొక్కలన్నీ అక్షర క్రమంలో ఉండే భాగమది.

పుస్తకం తెలిశాక ఏ ముద్రణో తేల్చాలి. దీనికి స్కేలు కావాలి. పుటలో ఎన్ని కాలమ్‌లు, కాలమ్‌కు ఎన్ని వరుసలు అని లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత ఒక వరుస అడుగు నుంచి దాని కింద ఇరవయ్యో వరుస అడుగు దాకా మిల్లీమీటర్లలో కొలవండి. ఈ ఇరవై వరుసల కొలతే ఆ రోజుల్లో ఒక్కో అచ్చాఫీసు అక్షరాలకు వేలిముద్ర. దానికి తోడు పెద్ద "ఎమ్" అక్షరం ఆకారం చూడాలి. బెర్లిన్ గ్రంథాలయం వాళ్ల అక్షరాల పట్టిక ఈ రెండిటి మీదే నడుస్తుంది. "ఎమ్" ఆకారం, ఇరవై వరుసల కొలత ఇస్తే ఏ ఊళ్లో ఎవరు వాడిన అక్షరమో చూపిస్తుంది. స్ట్రాస్‌బర్గ్ ముద్రాపకుడు అడాల్ఫ్ రుష్ లాంటివాళ్లను మాత్రం కొలవకుండానే పట్టేయొచ్చు. ఆయన పెద్ద "ఆర్" అంత వంకరగా ఉంటుంది. పేరు తెలియని రోజుల్లో ఆయన్ని "ఆర్ ముద్రాపకుడు" అనే పిలిచేవాళ్లు.

ఆఖరి అడుగు, పూర్తి పుస్తకంతో పోల్చడం. బ్రిటిష్ లైబ్రరీ మొదలుపెట్టిన ఐఎస్‌టీసీ జాబితాలో, బెర్లిన్ వాళ్ల జీడబ్ల్యూ జాబితాలో ఆ పుస్తకం ముద్రణలన్నీ ఉంటాయి. చాలా వాటికి ఫొటోల లంకె కూడా ఇస్తారు. ఇన్‌క్యునాబులా అందరికన్నా ఎక్కువగా ఉన్నది మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర గ్రంథాలయంలో. వాళ్లు చాలా పుస్తకాలు ఫొటో తీసి ఉచితంగా పెట్టారు. మీ ఆకులో మొదటి వరుస, చివరి వరుస అక్కడి పుటతో అక్షరం అక్షరం కలవాలి. ఒక్క కుదింపు తేడాగా ఉన్నా అది వేరే ముద్రణ కావచ్చు. కోబెర్గరే ఈ పుస్తకాన్ని 1483లో ఒకసారి, 1492లో ఇంకోసారి వేశాడు. నేను రెండిటినీ పక్కపక్కన తెరిచి చూశాను. 1492 పుటలో వరుసలు వేరే చోట విరిగాయి. 1483 పుటలో మాత్రం చివరి వరుసలోని అరముక్క మాట కూడా సరిగ్గా కుదిరింది. రాత్రి పదకొండయింది. ఇంట్లో అందరినీ లేపి చెబుదామనుకున్నాను, ఎవరికి ఎక్కుతుంది!

ఈ కోబెర్గర్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్‌కు జ్ఞానస్నానపు తండ్రి. జర్మనీ అచ్చుతో మనకూ కొంచెం చుట్టరికం ఉంది లెండి. తెలుగు తొలిసారి అచ్చయింది 1746 ప్రాంతంలో ఆ దేశంలోని హాలే ఊళ్లోనే, బెంజమిన్ షుల్జ్ వేయించిన క్రైస్తవ పుస్తకాల్లో.

దాచడం

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. నా రెండో ఆకు, విన్సెంట్‌ది, ముచ్చటపడి ఫ్రేము కట్టించాను. మంచి పేరున్న కొట్టే. "జాగ్రత్తండీ, ఐదువందల ఏళ్లది" అని చెబితే ఆయన నిజంగానే జాగ్రత్త పడ్డాడు. జారిపోకుండా వెనకంతా గమ్ము పూసి అట్టకు అతికించేశాడు. తెచ్చుకునేటప్పుడు నున్నగా, ముడత లేకుండా ఎంత బాగుందో! ఏడాది తిరక్కుండా అట్టలోని ఆమ్లం దిగి అంచులు పచ్చబడ్డాయి. వెనక పుట శాశ్వతంగా పోయింది, దాని మీద ఏముందో ఇక నెట్‌లో ఉన్న పూర్తి పుస్తకం ఫొటోల్లోనే చూసుకోవాలి. ఆయన తప్పేం లేదు. ఏం చెయ్యకూడదో చెప్పాల్సింది నేను.

కాబట్టి గమ్ము వద్దు, సెలోటేప్ వద్దు, లామినేషన్ అసలే వద్దు. గోడకు పెట్టాలంటే ఆమ్లం లేని మౌంట్ బోర్డు కావాలని, పైన రెండు చోట్ల మాత్రమే సన్నటి జపాన్ కాగితం పట్టీలతో, గోధుమ స్టార్చ్ జిగురుతో వేలాడదీయాలని కాగితం మీద రాసి మరీ ఇవ్వండి. అద్దానికి ఆకు తగలకూడదు. ఎండ పడే గోడ పనికిరాదు, ట్యూబ్‌లైటు ఎదురుగా కూడా వద్దు. నా సలహా అడిగితే ఫ్రేమే వద్దు. రెండు వైపులా తెరిచి ఉన్న పారదర్శక పాలిస్టర్ కవర్లో పెట్టి, ఆమ్లం లేని ఫోల్డరులో దాచి, చూడాలనిపించినప్పుడు తీసి చూసుకోండి. మామూలు ప్లాస్టిక్ కవర్లు కాలం గడిస్తే అంటుకుంటాయి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తేమ పెద్ద శత్రువు. బయటి గోడకు ఆనుకుని ఉన్న బీరువాలో పెట్టకండి. లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మారుస్తూ ఉండండి. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాస్తారు కదా అని దీనికి రాయకండి. తాటాకుకు మంచిదే, కాగితానికి మరకవుతుంది. కలరా ఉండలు కూడా కాగితానికి తగిలేలా పెట్టొద్దు. ఫోల్డరు మూడు నెలలకోసారి తెరిచి చూస్తే సిల్వర్ ఫిష్ పురుగు చేరిందో లేదో మీకే తెలుస్తుంది.

మరకలు తుడవాలని, ముడతలు ఇస్త్రీ చెయ్యాలని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

చిట్టీ రాయండి

ప్రతి ఆకుతో పాటు ఒక చిట్టీ ఉండాలి. ఆకు మీద కాదు, విడి కాగితం మీద, పెన్సిల్‌తో. పుస్తకం పేరు, రాసినవాడు, ఊరు, అచ్చు వేసినవాడు, ఏడాది, ఎన్నో భాగం, ఐఎస్‌టీసీ నంబరు, ఇరవై వరుసల కొలత, వాటర్‌మార్క్, పురుగు రంధ్రాలు ఎక్కడెక్కడ, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారో. పురుగు రంధ్రాలు ఎందుకంటారా? పురుగు పుస్తకాన్ని ఆకు ఆకు చూసి తినదు, సూటిగా తొలుచుకుపోతుంది. పక్క పక్క ఆకుల్లో రంధ్రం దాదాపు ఒకే చోట ఉంటుంది.

నా మిరియాల ఆకు చిట్టీలో అలాగే రాసుకున్నాను: కుడి అంచు నుంచి 31 మిల్లీమీటర్లు, కింద నుంచి 74, చిన్న గుండ్రటి రంధ్రం. రెండేళ్ల తర్వాత ఒక వేలం జాబితాలో అదే ముద్రణ ఆకు ఒకటి కనిపించింది. అదే 17వ భాగం, మిరియాల తర్వాతి మొక్కలు. ఫొటో పెద్దది చేసి చూస్తే అదే చేతి ఎర్ర అక్షరాలు, చివర్లో అదే ఉబ్బు. స్క్రీన్ మీద స్కేలు పెట్టి లెక్క కట్టాను. రంధ్రం ఉండాల్సిన చోటే ఉంది, ఒక్క మిల్లీమీటరు తేడాతో. అప్పటికి వేలం ముగిసి నాలుగు రోజులైంది. చిట్టీ తిప్పి వెనక వైపు రాసుకున్నాను: పక్క ఆకు ఉంది, అమ్ముడైంది, కొన్నదెవరో వేలంవాళ్లకు మెయిల్ పెట్టాలి.